కుప్పం పంపితే తప్పు చెరిగిపోతుందా?

కోర్టు ఉద్యోగి మీద ఫిర్యాదు వచ్చిందని తెలిస్తే చాలు, మదనపల్లె వైపు ఒక తీర్పు ముందే సిద్ధంగా ఉంటుంది. "ఆయన్ని కుప్పం వేసేశారంట, ఇంక వదిలేయన్నా." ఈ మాటతో ఫిర్యాదు చేసినాయన గెలిచినట్టు, తప్పు చేసినాయనకు బుద్ధొచ్చినట్టు, కోర్టు పరువు నిలబడినట్టు అందరూ సర్దుకుంటారు. కుప్పం కోర్టు మెట్లెక్కే మనిషిని మాత్రం ఎవరూ అడగరు. మదనపల్లెకు పనికిరాడని పంపేసిన ఉద్యోగి తనకెలా పనికొస్తాడో ఆయనకు ఎవరూ చెప్పరు.

ఈ సర్దుబాటు వెనక ఒక పెద్దమనిషి సిద్ధాంతం ఉంది. న్యాయవాదులు, రిటైరైన ఉద్యోగులు, పత్రికలవాళ్లు కూడా దాన్ని గౌరవంగానే చెబుతారు. కోర్టు సిబ్బంది తప్పొప్పులు కోర్టు ఇంటి వ్యవహారం, జిల్లా జడ్జిగారు చూసుకుంటారు. వాటిని బయట మాట్లాడితే న్యాయస్థానం మీద జనానికి నమ్మకం పోతుంది, న్యాయవ్యవస్థ స్వతంత్రతకు దెబ్బ తగులుతుంది. గొడవ ముదిరితే బదిలీ ఉంది. ఇంకా ముదిరితే ఏసీబీ ఉంది, క్రిమినల్ కేసు ఉంది. ఆ కేసు తేలేదాకా అందరూ నోరు మూసుకోవాలి. వినడానికి ఎంతో మర్యాదగా ఉండే ఈ వాదనలో చట్టం బలం ఉన్న ముక్క ఒక్కటీ లేదు. పైగా, దీన్ని కోర్టు మీది గౌరవంతో చెప్పేవాళ్లే కోర్టుకు ఎక్కువ చేటు చేస్తున్నారు.

ముందు బదిలీ సంగతి. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాలు 1991లో వచ్చాయి. ఉద్యోగులు వాటిని సీసీఏ రూల్స్ అంటారు. అందులో 9వ నియమం శిక్షల పట్టిక. సెన్షూరు ఉంది, ఇంక్రిమెంటు కోత ఉంది, నష్టం రాబట్టడం ఉంది, స్థాయి తగ్గింపు ఉంది, నిర్బంధ పదవీ విరమణ, తొలగింపు, డిస్మిసల్ ఉన్నాయి. బదిలీ లేదు. లేకపోవడం పొరపాటు కాదు. బదిలీ పరిపాలన అవసరం కోసం ఉన్న అధికారం. దాన్ని శిక్ష బదులు వాడితే చెల్లదని సుప్రీంకోర్టు 2008 డిసెంబరులోనే ఒక కేంద్ర ఉద్యోగి కేసులో చెప్పింది. పేరు లేని ఫిర్యాదొకటి పట్టుకుని ఆయన్ని భోపాల్ నుంచి షిల్లాంగ్‌కు పంపారు. ఆ ఉత్తర్వు నిలవలేదు.

ఎందుకు నిలవకూడదో మన మూడు ఊళ్లను చూస్తే తెలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న రెవెన్యూ జిల్లాలు విడిపోయి మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. కోర్టుల పటంలో మాత్రం మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ చిత్తూరు ప్రిన్సిపల్ డిస్ట్రిక్ట్ జడ్జి యూనిట్ కిందే కొనసాగాయి. సిబ్బంది తిరిగేది ఈ యూనిట్ లోపలే. మదనపల్లెలో ఫిర్యాదు వచ్చిన ఉద్యోగి పుంగనూరులో తేలతాడు, పుంగనూరులో పేరు పోగొట్టుకుంటే కుప్పంలో తేలతాడు, కుప్పంలో రెండేళ్లు గడిపి 'కుటుంబ కారణాల మీద' మళ్లీ మదనపల్లె చేరే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఫైల్లో ఎక్కడా నేరారోపణ లేదు, విచారణ లేదు, శిక్ష లేదు. ఆయన సర్వీసు రిజిస్టరు కడిగిన ముత్యం. నిజంగా తప్పు చేశాడా లేదా అన్నదీ ఎవరికీ తెలియదు. చేయనివాడైతే ఆ మచ్చ తుడుచుకునే అవకాశం కూడా ఆయనకు లేదు.

కుప్పానికి ఈ అవమానం మరీ విడ్డూరం. 1989 నుంచి ఆ నియోజకవర్గం పంపుతున్న శాసనసభ్యుడు నాలుగుసార్లు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అయినా ఉద్యోగుల నోట్లో కుప్పం ఇంకా 'మూల'. వీకోట, పలమనేరు, బంగారుపాళెం దాటుకుని చిత్తూరు చేరాలంటే వంద కిలోమీటర్ల పైనే. అంత దూరాన జిల్లా జడ్జి కన్ను తక్కువగా పడే చోటికి, ఎక్కువ కన్ను అవసరమైన మనిషిని పంపడం ఏ రకం పరిపాలన?

కోర్టు గుమాస్తా తప్పు చేస్తే అంత మునిగిపోయేదేముందని అనేవాళ్లున్నారు. తీర్పు రాసేది జడ్జి, ఆయన నిజాయితీగా ఉంటే చాలదా? చాలదు. తీర్పు దాకా కేసును మోసుకొచ్చేదీ, తీర్పు తర్వాత దాన్ని జనం దాకా మోసుకెళ్లేదీ సిబ్బందే.

సమన్ల సంగతే తీసుకుందాం. గుడుపల్లెలోనో శాంతిపురంలోనో ఒక రైతు మీద బాకీ దావా పడిందనుకుందాం. ఆయన కొడుకులు పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పనికి పోతారు, ఆయన పొలంలో ఉంటాడు, ఇంటికి తాళం. సమన్లు అందించే ప్రాసెస్ సర్వర్ వచ్చి చూసి, తగినంత ప్రయత్నం చేసి, మళ్లీ వచ్చి, అప్పటికీ మనిషి దొరక్కపోతే తలుపుకు అంటించాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఐదో ఆర్డరు 17వ నియమం అదే చెబుతుంది. ఏ రోజు, ఏ వేళ, ఎలా అంటించాడో, ఇల్లు చూపించిందెవరో, ఎవరి ఎదుట అంటించాడో పేర్లతో సహా రాయాలి. ఇదంతా చేయకుండా, బస్టాండు దగ్గర టీ తాగుతూ "ఇల్లు తాళం, తలుపుకు అంటించాను" అని ఒక వాక్యం రిటర్నుగా రాసిచ్చేస్తే ఏమవుతుంది? వాయిదా రోజు బెంచ్ క్లర్క్ పేరు పిలుస్తాడు. మనిషి లేడు. ఎక్స్‌పార్టీ. కొన్నాళ్లకు డిక్రీ, ఆ తర్వాత అమలు పిటిషన్, ఒకరోజు పొలం దగ్గర దండోరా. జడ్జిగారు ఏ తప్పూ చేయలేదు. తన ముందున్న కాగితాన్ని నమ్మారు. ఒక్క అబద్ధపు వాక్యం ఒక ఎకరాన్ని వేలంలో పెట్టింది.

డిక్రీని రద్దు చేయించుకునే దారి ఉంది కదా అంటారు. ఉంది. తొమ్మిదో ఆర్డరు 13వ నియమం కింద, సమన్లు సరిగా అందకపోతే, డిక్రీ పడిందని తెలిసిన నాటి నుంచి 30 రోజుల్లో. ప్లీడరు ఫీజు, స్టాంపులు, వాయిదాలు, కూలి పోగొట్టుకున్న రోజులు ఆ రైతువి. అబద్ధం రాసిన చేతికి అయ్యే ఖర్చు సున్నా. డిక్రీ రద్దయిన రోజున అదే ఉత్తర్వులో "ఈ రిటర్ను రాసిన ఉద్యోగి మీద ప్రాథమిక విచారణ జరపాలి" అన్న ఒక్క వాక్యం ఉంటే చాలు, పది గ్రామాల్లో తలుపులు నిజంగా తట్టబడతాయి. అందుకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ఐదో ఆర్డరు 19వ నియమం ప్రాసెస్ సర్వర్‌ని బోనెక్కించి ప్రమాణం మీద ప్రశ్నించే అధికారం జడ్జికి ఎప్పుడో ఇచ్చింది. రిటర్నుతో పాటు అఫిడవిట్ లేకపోతే అలా ప్రశ్నించడం విధి, ఉంటే విచక్షణ. అది ఎంత అరుదుగా వాడతారో ప్రాక్టీసులో ఉన్న ఏ లాయర్నడిగినా నవ్వుతాడు.

కాపీయింగ్ సెక్షనూ అంతే. కింది కోర్టు తీర్పు మీద జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 90. లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం కాపీ కోసం పట్టిన కాలాన్ని ఈ గడువులోంచి మినహాయిస్తారు. అందువల్ల కాపీ వెనక పడే తేదీలు, దరఖాస్తు ఎప్పుడిచ్చారు, స్టాంపులు ఎప్పుడడిగారు, కాపీ ఎప్పుడు సిద్ధమైంది అన్నవి ఒక మనిషి అప్పీలు హక్కును బతికిస్తాయి లేదా చంపేస్తాయి. "సార్, కాపీ ఎప్పుడొస్తుంది సార్?" అని ముసలాయన కిటికీ దగ్గర చేతులు నలుపుకుంటూ అడిగే ప్రశ్నకు, తలెత్తకుండా "రేపు రా" అని వచ్చే జవాబుకు అంత బరువుంది. ఆ జవాబు తొందరగా మారడానికి చేతులు మారే డబ్బును 'మామూలు' అని పిలిచి ఊరుకుంటున్నాం.

అమీన్ల సంగతి చెప్పబోతే ఈ వ్యాసం సరిపోదు. ఆస్తి స్వాధీనం ఇప్పించడానికి వెళ్లి గట్టు ఏది, హద్దు ఏది అన్నచోట ఒక అడుగు అటో ఇటో వేసినందువల్ల పుట్టిన కొత్త దావాలెన్నో.

ఇక న్యాయస్వతంత్రత. ఈ మాట చాలా పెద్దది, అందుకే దాని వెనక దాక్కోవడం సులువు. రాజ్యాంగం 235వ అధికరణ కింది కోర్టుల మీద నియంత్రణను హైకోర్టు చేతిలో పెట్టింది. ఆ నియంత్రణ కింది కోర్టుల గుమాస్తాలు, ఇతర సిబ్బంది అందరి మీదా ఉంటుందని 1992లో గుజరాత్ హైకోర్టు పార్టీగా ఉన్న కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎందుకిచ్చారు ఆ నియంత్రణ? కలెక్టరో మంత్రో కోర్టు సిబ్బందిని బెదిరించి కేసుల్ని తిప్పకుండా. అంటే బయటివాళ్ల చెయ్యి పడకూడదని చెప్పి, లోపలివాళ్లే గట్టిగా చూసుకోవాలన్న బాధ్యత నెత్తిన పెట్టారు. బయటి చెయ్యిని ఆపిన గోడనే చూపించి లోపలి చెయ్యిని కూడా కట్టేసుకుంటే ఆ అధికరణ దేనికి?

ఇదే వాదన నియామకాల విషయంలో ఒకసారి ఓడిపోయింది కూడా. కోర్టుల్లో చిన్న ఉద్యోగాలకు ప్రకటన లేకుండా, తమకు తోచినవారిని తీసుకోవడం కోర్టుల ఇష్టమే అన్నట్టు నడిచిన రోజుల్లో, ఢిల్లీ తీస్ హజారీ కోర్టుల నియామకాల కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 2014 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పు సూటిగా ఉంది. సమానత్వం, సమాన అవకాశం చెప్పే 14, 16 అధికరణలు కోర్టు సిబ్బంది నియామకాలకూ వర్తిస్తాయి, హైకోర్టులు వాటికి అతీతం కాదు. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు చట్టానికి లోబడాల్సిన సంస్థ, ఆ ఉద్యోగి తప్పు చేసినప్పుడు మాత్రం ఇంటిగుట్టు అనుకోవడానికి వీలెక్కడ?

కొందరికి ఇంకో భయం. ఫిర్యాదు చేస్తే కోర్టు ధిక్కారం అవుతుందేమో అని. ఈ భయాన్ని ఎవరు పెంచి పోషిస్తున్నారో గానీ, 1971 నాటి ధిక్కార చట్టం ఆరో సెక్షన్ చదివితే అది అక్కడికక్కడే విరిగిపోతుంది. కింది కోర్టు జడ్జి మీదే సద్బుద్ధితో హైకోర్టుకు ఫిర్యాదు చేస్తే ధిక్కారం కాదని అందులో ఉంది. జడ్జి మీద కానిది, నాజరు మీదో కాపీయిస్టు మీదో ఎలా అవుతుంది? 1850లో తెల్లవాళ్లు తెచ్చిన న్యాయాధికారుల రక్షణ చట్టాన్ని చూపించేవాళ్లూ ఉన్నారు. అది కోర్టు ఉత్తర్వును అమలు చేసే ఉద్యోగిని సివిల్ దావా నుంచి కాపాడుతుంది. కోర్టు చెప్పిన పని చేసినందుకు ఆ రక్షణ. చెప్పని పని చేసినందుకూ, చెప్పిన పని ఎగ్గొట్టినందుకూ కాదు. శాఖాపరమైన చర్యకైతే ఆ చట్టంతో సంబంధమే లేదు.

అన్నిటికన్నా మొండిగా నిలబడే వాదన వేరే ఉంది. "క్రిమినల్ కేసు నడుస్తోంది కదా, అది తేలనివ్వండి." దీనికి ఆధారంగా కోర్టు వరండాల్లో అందరూ ఉదహరించే తీర్పు కుప్పానికి పక్కనే పుట్టింది. కోలార్ బంగారు గనుల్లో, భారత్ గోల్డ్ మైన్స్‌లో పనిచేసే ఒక భద్రతాధికారి కేసు అది. 2001లో మూతపడక ముందు ఈ కంపెనీ కుప్పం వైపు చిగురుగుంట, బిసానత్తంలో కూడా గనులు తవ్వింది కాబట్టి మనవాళ్లకు కొత్తది కాదు. 1985 జూన్‌లో పోలీసులు ఆ అధికారి ఇంట్లో సోదా చేసి బంగారం ముద్ద, బంగారపు ఇసుక దొరికాయన్నారు. సస్పెన్షన్, ఆయన రాకుండానే ముగిసిన విచారణ, 1986లో డిస్మిసల్. 1987లో క్రిమినల్ కోర్టు నిర్దోషి అంది. 1999 మార్చిలో సుప్రీంకోర్టు ఆయన్ని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది.

ఈ తీర్పులో సగమే చదివినవాళ్లు, క్రిమినల్ కేసు తేలేదాకా శాఖాపర విచారణ ఆపాలని అంటారు. తీర్పు అన్నది వేరు. రెండూ ఒకేసారి నడవడానికి అడ్డు లేదు. ఆరోపణలు ఒకటే అయి, తీవ్రమైనవై, చిక్కు ప్రశ్నలతో కూడినవైతే విచారణను ఆపడం మంచిది. క్రిమినల్ కేసు సాగిపోతూ ఉంటే ఆపిన విచారణను మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఆ మూడో ముక్క వరండాలో ఎప్పుడూ వినిపించదు. మన కోర్టుల్లో క్రిమినల్ కేసులు ఎంతకాలం సాగుతాయో కోర్టు ఉద్యోగులకన్నా బాగా ఎవరికి తెలుసు!

రుజువు కొలతలు కూడా వేరు. నేరం రుజువు కావాలంటే సందేహానికి తావు లేకుండా తేలాలి. ఉద్యోగంలో దుష్ప్రవర్తనకు ఆ కొలత అక్కర్లేదని 1963లోనే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ ఒక సబ్‌ఇన్‌స్పెక్టర్‌కూ నడిచిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది ఉద్యోగిని చులకన చేయడం కాదు. జైలుకు పంపడానికి ఎంత రుజువు కావాలో, రికార్డ్ రూము తాళం చెవి ఒకరి చేతిలో ఉంచాలా వద్దా అని తేల్చడానికి అంత అవసరం లేదు. పైగా సమన్ల మీద అబద్ధం రాయడం, కాపీ తేదీ దిద్దడం, ఫైలు కనబడకుండా చేయడం చాలాసార్లు పోలీసు స్టేషను దాకా పోవు. అవన్నీ క్రిమినల్ కేసు కోసం కాచుక్కూర్చుంటే ఎప్పటికీ తేలవు.

గనుల కేసు చెప్పిన ఇంకో సంగతి నాకు మరింత ముఖ్యం. ఆ ఉద్యోగికి సస్పెన్షన్ కాలంలో జీవనభృతి ఇవ్వలేదు. కేరళలోని సొంతూరి నుంచి విచారణకు రావడానికి ఆయన దగ్గర డబ్బు లేదు. అలాంటి విచారణ విచారణే కాదంది కోర్టు. ఉద్యోగి పక్షాన మాట్లాడేవాళ్లు నిజంగా పట్టుకోవలసిన మాట ఇది. ఆరోపణ పత్రం స్పష్టంగా ఇవ్వండి, పత్రాలు చూపించండి, సాక్షుల్ని ప్రశ్నించనివ్వండి, విచారణ నివేదిక కాపీ చేతికివ్వండి. ఈ ఆఖరిది హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులో 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిన హక్కు. 311వ అధికరణ ఇంత గట్టి కవచం ఇస్తుంటే, 'చిన్న ఉద్యోగిని బలిచేస్తున్నారు' అనే కన్నీళ్లు దేనికి? విచారణ జరిగితేనే ఈ కవచం పనిచేస్తుంది. బదిలీ చేసి ఊరుకుంటే ఇవేవీ ఆయనకు దక్కవు.

'పాపం, చిన్న జీతగాడు' అన్న జాలి నాకూ ఉంది. దాన్ని శిక్ష ఎంతన్న దగ్గర చూపించాలి. తప్పు జరిగిందా లేదా అన్న దగ్గర కాదు. మొదటిసారి చేసినవాడికి సెన్షూరు చాలు. పదేళ్లుగా వసూళ్లు చేస్తున్నవాడికి అది చాలదు. ఆ తేడా తేల్చేది విచారణే. ఈ జాలి ఎవరి మీద పడుతోందో కూడా చూడాలి. అదే సెక్షన్‌లో ఒక్క రూపాయి ముట్టకుండా, సాయంత్రం ఏడు దాకా డాకెట్లు కుట్టుకుంటూ కూర్చునే ఉద్యోగి ఉంటాడు. పక్కసీటు వల్ల ఆయన్నీ అదే చూపుతో చూస్తుంది ఊరు. ఆయన పక్షాన ఒక్క కన్నీటి చుక్కా రాలదు. మాటలో మాటగా ఇంకొకటి. అటెండర్‌ను తన ఇంట్లో కూరగాయలు తేవడానికి, పిల్లల్ని బడికి దించడానికి వాడుకునే అధికారి ఎక్కడున్నా, అతనికి ఆ అటెండర్ తప్పును అడిగే నోరు ఉండదు. జవాబుదారీ పైనుంచి మొదలవకపోతే కింద అది కక్షగానే కనబడుతుంది, అలా కనబడటంలో తప్పూ లేదు.

ఆలస్యం విషయంలో మాత్రం కోర్టులు తమ ముఖం తామే అద్దంలో చూసుకున్నాయి. ఢిల్లీ కింది కోర్టుల్లో ఒక ఉద్యోగిని 1990లో సస్పెండ్ చేశారు. విచారణ ముగిసి నిర్బంధ పదవీ విరమణ పడేసరికి 1999. తొమ్మిదేళ్లు ఆ మనిషి సస్పెన్షన్‌లోనే ఉన్నాడు. కేసులో ఎదుటి పార్టీ ఢిల్లీ హైకోర్టు రిజిస్ట్రార్. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు శిక్షను నిలబెట్టింది గానీ, ఇకముందు శాఖాపర విచారణలు ఆరు నెలల్లో, తప్పనిసరైతే ఏడాదిలో ముగియాలని యజమానులందరికీ చెప్పింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఇంకో తీర్పు, మూడు నెలల్లో ఆరోపణ పత్రం ఇవ్వకపోతే సస్పెన్షన్ సాగకూడదంది. దేశంలోని అన్ని శాఖలకూ గడువు నేర్పిన పాఠం ఒక కోర్టు గుమాస్తా ఫైలు నుంచే వచ్చింది. అలాంటప్పుడు కోర్టు ఫైళ్లలో ఆ గడువు అందరికన్నా ముందు అమలు కావాలని అడగడం అతి ఆశ కాదు.

అమలవుతోందా? ఇక్కడే అసలు గోడ ఎదురవుతుంది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఒక ఉద్యోగికి ఇచ్చిన మెమోలు, షోకాజ్ నోటీసులు, శిక్షలు ఆయన వ్యక్తిగత సమాచారమని, విస్తృత ప్రజాప్రయోజనం చూపిస్తే తప్ప సమాచార హక్కు కింద ఇవ్వక్కర్లేదని అంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని ఆ మినహాయింపునే ఇంకా బిగించే సవరణ తెచ్చింది. నా ఉద్దేశంలో ఆ 2012 తీర్పు తప్పు. మనిషి పెళ్లి, జబ్బు, అప్పులు అతని సొంతం. ప్రజల పని చేస్తూ ప్రజల్ని మోసం చేసినందుకు పడిన శిక్ష అతని సొంతం ఎలా అవుతుంది? సరే, తీర్పు ఉన్నంతకాలం దానికి లోబడదాం. పేర్లు వద్దు. ఈ ఏడాది చిత్తూరు యూనిట్‌లో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నింటికి విచారణ మొదలైంది, ఎన్ని ఏడాది దాటాయి, ఏ రకం తప్పుకు ఏ శిక్ష పడింది అన్న నాలుగు వరుసలు జిల్లా కోర్టు వెబ్‌సైట్లో పెడితే ఎవరి ఆంతరంగికత దెబ్బతింటుంది? మన జడ్జిల దగ్గర ఎన్ని కేసులు పెండింగులో ఉన్నాయో దేశంలో ఎవరైనా నేషనల్ జుడీషియల్ డేటా గ్రిడ్‌లో చూడొచ్చు. ఈ-కోర్టుల మూడో దశకు కేంద్రం 2023లో 7,210 కోట్లు కేటాయించింది. సమన్లు ఎక్కడ అందించారో ఫోన్లో జీపీఎస్‌తో నమోదు చేసే ఎన్‌స్టెప్ వచ్చింది. జడ్జి పని అంకెల్లో బయట పెట్టగలిగిన సంస్థకు, సిబ్బంది క్రమశిక్షణ అంకెలు మాత్రం ఇంటిగుట్టు ఎందుకైంది?

బయటపెడితే పరువు పోతుందన్నవాళ్లు ఆంధ్రలోనే జరిగిన రెండు సంగతులు గుర్తుచేసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టులో ఒక కేసు సాక్ష్యాలు దొంగతనానికి గురయ్యాయి. కోర్టు లోపలి నుంచే సాక్ష్యాలు పోవడం కన్నా పరువు తక్కువ ఇంకేముంది? అయినా జిల్లా జడ్జి దాన్ని కప్పిపెట్టకుండా హైకోర్టుకు నివేదిక పంపారు, హైకోర్టు తానే కేసుగా తీసుకుని, నవంబరులో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఆ దర్యాప్తు ఎక్కడ తేలిందన్నది వేరే చర్చ. కానీ ఆ రోజు కోర్టు మీద నమ్మకం పెరిగిందే తప్ప తగ్గలేదు. రెండోది మదనపల్లెలోనే. 2024 జూలై 21 రాత్రి సబ్‌కలెక్టర్ కార్యాలయంలో భూముల ఫైళ్లు తగలబడ్డాయి. పది రోజులు తిరక్కుండానే ఆర్డీవో స్థాయి అధికారులు, ఒక సీనియర్ అసిస్టెంటు సస్పెండయ్యారు. ఆ ఉత్తర్వులు పత్రికల్లో వచ్చాయి. సస్పెన్షన్ నేర నిరూపణ కాదని నాకు తెలుసు. ఆ గోలలో రాజకీయం పాలు ఎంతో కూడా తెలుసు. అయినా ఆ ఊరి రైతుకు, తన పట్టా ఫైలు ఉన్న ఆఫీసులో ఏం జరిగిందో, ఎవరిని అడుగుతున్నారో ఎప్పటికప్పుడు తెలిసింది. అదే రైతు అదే ఊళ్లో కోర్టుకు వెళ్లి, తన దావా ఫైలు ఏమైందని అడిగితే ఆ పాటి జవాబు వస్తుందా?

ఏసీబీ ఉంది కదా అన్న ఆఖరి మాటకు జవాబు చిన్నదే. ఏసీబీ డబ్బు చేతులు మారిన క్షణాన్ని పట్టుకుంటుంది. అబద్ధపు రిటర్ను, దిద్దిన తేదీ, దాచిన ఫైలు, మర్యాద లేని నోరు, వాయిదా రోజు కావాలని ముందుకు నెట్టిన కేసు దాని వలలో పడవు. వాటిని పట్టుకోగలిగింది ఆ కోర్టు ప్రిసైడింగ్ అధికారి, చిత్తూరులో జిల్లా జడ్జి, అమరావతిలో హైకోర్టు విజిలెన్స్ రిజిస్ట్రార్. అధికారం మొత్తం వాళ్ల చేతిలోనే ఉంది. ఇంకెవరికీ లేదు, ఉండాలని కూడా నేను అడగను.

అడిగేది చాలా తక్కువ. కుప్పం నుంచో పుంగనూరు నుంచో ఒక అర్జీ చిత్తూరుకు వెళ్తే దానికి నంబరు పడాలి, ఆ నంబరు అర్జీదారు ఫోనుకు రావాలి. విచారణ అవసరం లేదనుకుంటే ఎందుకు లేదో రెండు వాక్యాలు రాయాలి. అవసరమనుకుంటే సీసీఏ రూల్స్ 20వ నియమం ప్రకారం ఆరోపణ పత్రం ఇచ్చి, ఏడాదిలోపు ముగించి, ఫలితం అర్జీదారుకు తెలపాలి. జిల్లా జడ్జి కింది కోర్టుల తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టర్లు సరిగ్గా ఉన్నాయా అని చూస్తారు. అదే రోజు, తలుపుకు అంటించామని రాసిన సమన్లలో ఓ పది తీసుకుని, ఆ ఇళ్లకు ఎవరినైనా పంపి అడిగించాలి. ఆ వరుసలో మొదటి తనిఖీ కుప్పంలో జరిగితే బాగుంటుంది. ఇన్నేళ్లు పంపించిన మనుషులు అక్కడే ఎక్కువ ఉన్నారు గనుక.